చింపిన మూల, కోసిన మూల

తాల్మిర్, వెర్దానా
12 జూన్ 1986

ఆపాకు నీ తమ్ముడు జాఫర్ సలాం.

చేరాను. బొంబాయిలో విమానం ఎక్కాక చెవులు దిబ్బళ్లు పడ్డాయి తప్ప వేరే బాధ లేదు. దిగాక రెండు రోజులు రైలు. మన దేశం నుంచి ముప్పై మంది దర్జీలం వచ్చాం. కోస్గి మనిషి ఒకడున్నాడు, పేరు రజాక్. అతను దర్జీ కాదు, మేస్త్రీ, పక్క మేడలో ఉంటాడు. తెలుగు మాట వినాలనిపిస్తే అతని దగ్గరికి పోతాను.

ఈ దేశంలో ఒకటే పార్టీ ఉంది. దానికి వచ్చే ఏడాది నలభై ఏళ్లు నిండుతాయట, అందుకని పార్టీ వాళ్లందరికీ కొత్త కోట్లు కుట్టాలి. అవి కుట్టడానికే మమ్మల్ని మూడేళ్ల కాగితం మీద తెచ్చారు. కోట్లన్నీ బూడిద రంగే, గుండీల లెక్కలోనే తేడా. ప్రతి మేడకూ ఒక పెద్ద ఉంటాడు, అందరూ 'మెట్ల పెద్ద' అంటారు. అతనికి రెండు గుండీలు. వీధి సంఘం వాళ్లకు మూడు. జిల్లా వాళ్లకు నాలుగు. రాజధానిలో తొమ్మిది మంది పెద్దలున్నారు, వాళ్లకు ఆరు. అందరి పైనా సారథి. ఆయన కోటుకు ఒక్క గుండీ కూడా కనబడకూడదు, లోపల కొక్కేలు పెట్టి మూసేయాలి. నాకు నవ్వొచ్చింది కానీ చేతి పని బాగుంది, యంత్రాలు కొత్తవి.

పాస్‌పోర్టులు ఆఫీసులో దాచి పెట్టారు. పోగొట్టుకుంటామని భయం కాబోలు.

దాదీకి చెప్పు, ఇచ్చిన మాట మరిచిపోలేదు. బస్సెక్కేటప్పుడు తన ఆఖరి గుడ్డ గురించి నా చెవిలో అన్నది గుర్తుంది. "నా కఫన్ నీ చేతితోనే కోయాలె బిడ్డా. మన నీళ్లు తాగి తాగి నడుం వంగింది గద, నేను పొట్టిదాన్ననుకొని గుడ్డ తక్కువ కోస్తరు. నా అసలు పొడుగు నీకొక్కనికే ఎరుక." మూడేళ్లు ఓపిక పట్టమను. వచ్చి కొలత తీసుకుంటానని, తొందర పడొద్దని చెప్పు.

బావకు సలాం. నా కత్తెర పెట్టె ఎవరూ తెరవకండి.

జాఫర్

*

నకిరేకల్
3 ఆగస్టు 1986

జాఫర్‌కు ఆపా దువా.

నీకు బుద్ధి ఉందా అని ముందు అడుగుతాను, తర్వాత క్షేమం రాస్తాను.

మొన్న మధ్యాహ్నం నేను గాజుల దుకాణం మూసి వచ్చేసరికి పోస్టుమన్ సాయిలు మన గడప బయట నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ లోపలికొచ్చి చాయ్ తాగి పోయేవాడు ఆ రోజు చెప్పులు కూడా విప్పలేదు. "అమ్మా, నేను లోపలికి రాను. జర మీరే బయటికొచ్చి తీస్కోండ్రి" అన్నాడు. నీ కవరు పై ఎడమ మూల లేదు. మూల లేని ఉత్తరం ఇంట్లోకి తేరని నీకు తెలియదా? ఎవరైనా పోతేనే కదా మూల చింపి రాసేది? మన వీధిలో హిందువుల ఇంటికైనా మన ఇంటికైనా అదే పద్ధతి.

దాదీ గోడ పట్టుకుని వచ్చి చూసింది. "వాడు పోయిండా? నాకంటె ముందుగాల పోయిండా?" అని అక్కడే కూలబడింది. ఎదురింటి హనుమమ్మ వచ్చి పట్టుకుంది. విప్పి చూస్తే లోపల నీ రాతే, నీ గుండీల కథే. చచ్చినవాడు గుండీల లెక్క రాయడని హనుమమ్మ అన్నాక కానీ మా ప్రాణాలు కుదుటపడలేదు. కవరు పాడైతే వేరే కవరు కొనుక్కో.

ఇక్కడ పటేళ్లు పోయి మండలాలు వచ్చాయి. ఆఫీసు ఎక్కడో, ఏ కాగితం ఎవరికివ్వాలో ఎవరికీ తెలియదు. మీ బావ లారీ మీద విజయవాడ, హైదరాబాదు తిరుగుతూనే ఉన్నాడు. మీ రాజ్యంలో ఎవరి మీద ఎవరో నాకు సరిగా అర్థం కాలేదు, వివరంగా రాయి. దాదీ రోజూ అడుగుతోంది.

కోపంతో,
అన్వరీ

*

తాల్మిర్
20 నవంబర్ 1986

ఆపాకు సలాం. దాదీ కాళ్లు పట్టుకుని మాఫీ అడుగుతున్నాను.

మూల నేను చింపలేదు. ఇక్కడ లేఖల శాఖ అని ఒకటుంది. ఇక్కడి నుంచి పోయే ప్రతి ఉత్తరానికీ, కవరుకూ కాగితానికీ కలిపి, పై ఎడమ మూల కత్తెరతో కోస్తారు. చూశాం, పంపొచ్చు అని దానికి అర్థం. బొంబాయి వాళ్లకైనా పంజాబీలకైనా అలాగే పోతుంది. సాయిలన్నకు చెప్పు, చింపిన మూల వేరు, కోసిన మూల వేరు. కోసింది నిక్కచ్చిగా గీత గీసినట్టుంటుంది. ఇకనైనా లోపలికొచ్చి చాయ్ తాగమను.

ఎవరి మీద ఎవరని అడిగావు. నాకు కోట్ల వల్ల తెలిసిందే రాస్తాను. మంత్రులున్నారు, కానీ మంత్రి కోటుకు నాలుగే గుండీలు. అదే ఆఫీసులో పక్క గదిలో పార్టీ మనిషి కూర్చుంటాడు, అతనికి ఐదు. మంత్రి సంతకం పెట్టేముందు ఆ గదికి పోయి వస్తాడట. జడ్జీలకు మూడు. శాసనసభ ఉంది, ఏడాదికి రెండుసార్లు కలిసి చేతులు ఎత్తి దించుతారు. చేతులు ఎత్తినప్పుడు చంకల్లో కుట్లు పోతున్నాయని అక్కడ గుడ్డ వదులుగా పెట్టమన్నారు.

పోయిన నెల ఓట్లు పడ్డాయి. చీటీ మీద ఒకటే పేరు ఉంటుంది, మడిచి పెట్టెలో వేయడమే. తెర చాటుకు పోయే దారి కూడా ఉంది కానీ అటు ఎవరూ పోలేదు, పోతే మెట్ల పెద్ద చూస్తాడు.

ఒక్కోసారి కుట్టి ఇచ్చిన కోటు వెనక్కి వస్తుంది. రెండు గుండీలు తీసి, కన్నాలు మూసేయమంటారు. ఎవరిదని అడగం. వారం తర్వాత పేపర్లో ఆ మనిషి ఫోటో ఉండదు.

చలి మొదలైంది. నీళ్లు మాత్రం తియ్యగా ఉన్నాయి ఆపా, మన ఊరి ఫ్లోరైడ్ లేదు, పళ్లకు గార పట్టదు. దాదీ ఇక్కడ పుట్టి ఉంటే నిటారుగా నడిచేది.

నీ జాఫర్

*

నకిరేకల్
15 ఫిబ్రవరి 1987

జాఫర్‌కు దువా.

నీ ఉత్తరం అరుగు మీద చదివాను. హనుమమ్మ, సాయిలు, ఇంకో నలుగురు విన్నారు. ఇక్కడ మండలం ఓట్లు వస్తున్నాయి. ముగ్గురు నిలబడ్డారు, మూడు జీపులు, మూడు మైకులు. పొద్దుటి నుంచి చెవులు పగిలిపోతున్నాయి. ముగ్గురూ మన ఇంటికొచ్చి చాయ్ తాగి మంచినీళ్ల పైపు వేయిస్తామని చెప్పిపోయారు. మీ దేశంలో ఒక పేరే ఉంటుందని విని సాయిలు ఏమన్నాడో తెలుసా? "ఒక్క పేరే ఉంటె ఓటేసుడెందుకమ్మా, బడిల హాజరు వేసుకున్నట్టే గద. గా సారథిని ఒక్కపారి నకిరేకల్ల నిలబడుమను, డిపాజిట్ దక్కుతదో లేదో సూద్దాం." అందరం నవ్వీ నవ్వీ చచ్చాం. చాయ్‌కి మాత్రం గడప దాటలేదు. కోసినా చింపినా మూల లేనిది లేనట్టే కదా అంటాడు.

దాదీకి ఒంట్లో బాగాలేదు. దవాఖానాలో సూదులిచ్చారు. అన్నం రెండు ముద్దలు తింటోంది. నీ పేరు తలవని పూట లేదు. మూడేళ్ల దాకా ఆగాల్సిందేనా, మధ్యలో సెలవు ఇవ్వరా? అడిగి చూడు. అడిగితే పోయేదేముంది.

అన్వరీ

*

తాల్మిర్
8 జూన్ 1987

గౌరవనీయురాలైన అక్కగారికి,

నేను క్షేమం. ఇక్కడ అందరూ క్షేమం.

సాయిలు అన్న మాట సరికాదు. ఇక్కడ ప్రజలందరి మనసులో ఒకే పేరు ఉన్నందువల్ల చీటీ మీద ఒకే పేరు ఉంటుంది. సారథి గారు కూలివాడి ఇంట పుట్టి దేశానికి దారి చూపిన మహానుభావుడు. ఈ విషయం నాకు వీధి సంఘం వారు మూడు రోజులు కూర్చోబెట్టి ఓపికగా వివరించారు. వారికి కృతజ్ఞతలు. కోట్ల గురించి నేను ఇంతకుముందు రాసినవి నాకు తెలియక రాసినవి.

లేఖల శాఖలో ఇప్పుడు మన భాష చదివే ఒకాయన చేరారు. అందుచేత ఉత్తరాలు తొందరగా అందుతాయి.

సెలవు గురించి అడిగావు. రక్తసంబంధీకులు చనిపోతే ఇరవై రోజుల సెలవు ఇస్తారు. ఆ సంగతి ఇంటి నుంచి వచ్చిన ఉత్తరంలో ఉండాలి. అలాంటి సెలవు నాకు అక్కర్లేకుండా అల్లా చూడాలి.

ఇకపై వానల గురించి, పంటల గురించి, దాదీ ఆరోగ్యం గురించి రాయగలవు.

ఇట్లు,
జాఫర్

*

నకిరేకల్
24 జనవరి 1988

జాఫర్,

అక్కగారు అని రాశావు. సరే. ఎన్నడూ అనిపించుకోని మాట, ఇన్ని నెలలు జవాబు రాయబుద్ధి కాలేదు. ఇవాళ రాయక తప్పదు.

గురువారం చేయాల్సినవన్నీ సరిగ్గా చేశాం. మీ బావ సమయానికి వచ్చాడు. హనుమమ్మ మూడు రోజులుగా మన ఇంట్లోనే ఉంది. నీ కత్తెర పెట్టె తెరిచాను, కోపగించుకోకు. గుడ్డ పుష్పమ్మ దుకాణం నుంచి తెచ్చాం.

ఇంతకన్నా రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు ఉంటే బాగుండేది. సెలవు మాట చూడు.

అన్వరీ

*

తాల్మిర్
2 ఏప్రిల్ 1988

అక్కగారికి,

మీ ఉత్తరం చేరింది. ఇంట్లో ఏదో శుభకార్యం జరిగినట్టు అర్థమైంది. రంజాన్ దగ్గరపడింది కదా, దాదీకి కొత్త బట్టలు కోసి ఉంటావు. నా కత్తెర వాడినందుకు నాకు కోపం లేదు. కుట్లు వంకర లేకుండా వచ్చాయా? మెడ దగ్గర దారం రెండు వరసలు వేయాలి. దాదీ అత్తరు వాసన చూసి మురిసిపోయి ఉంటుంది. అన్నం ఎన్ని ముద్దలు తింటోందో రాయలేదు.

ఇక్కడ సారథి గారి డెబ్బయ్యో జన్మదినం వైభవంగా జరిగింది. విదేశీ పనివారి తరఫున పూలగుత్తి ఇచ్చే భాగ్యం నాకు కలిగింది. పేపర్లో ఫోటో వచ్చింది, దీంతో పాటు పంపుతున్నాను. మాకు ప్రతి ఏడాదీ జీతం పెంచుతున్నారు. దాదీకి ఫోటో చూపించగలవు.

ఇట్లు,
జాఫర్

*

నకిరేకల్
10 ఆగస్టు 1988

జాఫర్,

నీ ఫోటో చేరింది. చూపించమన్నావు. ఎవరికి చూపించాలి?

దాదీ చచ్చిపోయింది. జనవరి ఇరవై ఒకటి, గురువారం, సాయంత్రం అసర్ నమాజుకు ముందు. ఈ మాట మన ఇంట్లో ఎవరూ కాగితం మీద పెట్టరని, మూల చింపి పంపితే చాలని మన నాయిన నేర్పాడు, నేను అట్లాగే పంపాను. ఇంత పెద్ద ముక్క చింపాను, గుడ్డివాడైనా వేలితో తడిమి తెలుసుకుంటాడు. అది చూసి నువ్వు కుట్లు వంకర పోయాయా అని రాశావు. కఫన్‌కు కుట్లుండవు జాఫర్. దర్జీవి, నీకు నేను చెప్పాలా.

ఆమె చెప్పినట్టే అయింది. నేను వంగిన నడుం చూసి కోశాను. పడుకోబెట్టేసరికి ఆమె పొడుగు బయటపడింది. కాళ్ల దగ్గర జానెడు చాల్లేదు. పుష్పమ్మ దుకాణం మూసి ఉంటే మనిషిని పంపి తెరిపించి ఇంకో ముక్క తెచ్చేదాకా ఆమె పాదాలు అట్లా బయటే ఉన్నాయి. ఊరంతా చూసింది. ఆ పాదాలు నాకు ఇప్పటికీ కళ్లలో నుంచి పోవు.

నువ్వు మాత్రం ఎవడికో పూలగుత్తి ఇస్తున్నావు. నీ మీద వాళ్లు ఎన్ని గుండీలు కుట్టారు? ఇంకొన్ని కుట్టించుకో. నాకు ఉత్తరం రాయొద్దు. వస్తే సాయిలును తిరగ్గొట్టమని చెప్పాను.

*

తాల్మిర్
5 జనవరి 1989

ఆపా,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. కోస్గి రజాక్‌కు ఛాతీ జబ్బు వచ్చింది, పనికి రాడని వెనక్కి పంపుతున్నారు. అతని బూటు అడుగున పెట్టుకుని తెస్తాడు. చూడు, నాలుగు మూలలూ ఉన్నాయి. తిరగ్గొట్టకుండా చదువు. తర్వాత నీ ఇష్టం.

ఇక్కడికి వచ్చే ఉత్తరాలకు కూడా మూల కోస్తారు. పోయేవాటికి కోస్తారనే నీకు రాశాను, వచ్చేవాటి సంగతి రాయాలని తోచలేదు. తప్పంతా నాదే. నువ్వు చింపిన మూల ఉన్న చోటే వాళ్ల కత్తెర పడింది. నాకు చేరేసరికి గీత గీసినట్టు నున్నగా ఉంది.

అయినా అబద్ధం ఆడను. కత్తెర పెట్టె తెరిచానని నువ్వు రాసిన చోట నా గుండె ఆగింది. ఆ మూలను వేలితో ఎన్నిసార్లు తడిమానో. చింపినట్టు పోగు ఒక్కటి తగిలినా ఏడ్చేవాణ్ణి. తగల్లేదు, దాంతో రంజాన్ బట్టలని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకోవడం సులువైంది, అందుకే నన్ను క్షమించమని అడగను.

నీ ఆగస్టు ఉత్తరం చదివిన రోజే సెలవుకు కాగితం పెట్టాను. మెట్ల పెద్ద నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు, ఓదార్చాడు, కానీ తను అవునని రాయలేడు, వీధి సంఘానికి పంపాడు. వాళ్లు జిల్లాకు పంపారు. జిల్లాలో నాలుగు గుండీల ఆమె నా కోసం నిజంగా కళ్లు తుడుచుకుంది. కానీ నియమం ప్రకారం చావు జరిగిన అరవై రోజుల్లోపు అడగాలట. జనవరి ఉత్తరం చేరినప్పుడే అడిగి ఉంటే వచ్చేది. నాకు తెలియదు కదా అన్నాను. తెలియజేసే మాట ఆ ఉత్తరంలో ఉందా అని శాఖను అడిగించారు. లేదని శాఖ చెప్పింది.

అక్కడ మన భాష చదివేవాడు సముద్రం వైపు జిల్లాల మనిషి. మర్యాదగా మాట్లాడతాడు. బయటికొచ్చాక మెట్ల మీద పట్టుకున్నాను. చింపిన మూల చూడలేదా, దానర్థం తెలియదా అని అడిగాను. "చూశానండీ. తెలుసండీ. మా వైపూ అంతే" అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదన్నాను. "అక్కడ ఏమీ రాసి లేదు కదండీ" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు ఆపా. అదే నాకు భయం వేసింది. ఇక్కడ కింది నుంచి పైదాకా అవునని అనగలిగినవాడు ఒక్కడు కూడా లేడు. కాదనడానికి మాత్రం అందరికీ అధికారం ఉంది.

నా మూడేళ్ల కాగితాన్ని నా కోరిక మీదే ఇంకో రెండేళ్లు పొడిగించారట. నేను ఏ కోరికా కోరలేదు. పూలగుత్తి కూడా వాళ్లే చేతిలో పెట్టారు.

ఇకపై పోస్టులో నేను ఏం రాసినా నమ్మకు. ఒకటి గుర్తుపెట్టుకో. వాళ్లు కోసేది పై ఎడమ మూల. కింది కుడి మూల చిరిగి ఉంటే అది నేను చింపింది, నిజంగా ఒక చావు జరిగినట్టు. నా రాతలో ఉంటే నేను బతికే ఉన్నట్టు.

దాదీ పాదాల మాట చదివినప్పటి నుంచి కోటు కోసేటప్పుడు ప్రతిసారీ జానెడు ఎక్కువ పెడుతున్నాను. మేనేజరు తిడుతున్నాడు.

నీ తమ్ముడు

*

నకిరేకల్
18 ఏప్రిల్ 1989

ప్రియమైన తమ్ముడికి,

ఇక్కడ అందరం క్షేమం. ఎండలు ముదిరాయి. బత్తాయి కాపు బాగుంది. మన కోస్గి చుట్టం వచ్చి రెండు రోజులుండి పోయాడు. దగ్గు ఉంది కానీ కోలుకుంటాడు. అతని కొత్త బూట్లు చాలా బాగున్నాయి.

సారథి గారి దయ వల్ల నువ్వు సుఖంగా ఉన్నందుకు మాకు సంతోషం. ఆయన ఫోటో గోడకు పెట్టాం. సాయిలు కూడా తను ఇంతకుముందు అన్న మాట తప్పని ఒప్పుకున్నాడు. ఒక్క పేరు ఉండటమే మంచిదట, మైకుల గోల ఉండదు.

నేను పోయిన ఏడాది తొందరపడి రాసిన మాటలు మనసులో పెట్టుకోకు. వాటిని రాసిన చేతిని నేనే కొట్టుకున్నాను. ప్రతి శుక్రవారం దాదీ దగ్గరికి పోయి నీ సలాం చెబుతున్నాను. నీ కత్తెరకు నూనె రాసి పెట్టెలో పెట్టాను, మళ్లీ ఎవరూ తెరవరు.

వానలు పడ్డాక మళ్లీ రాస్తాను.

నీ అక్కగారు,
అన్వరీ బేగం

*

తాల్మిర్
26 నవంబర్ 1990

అక్కగారికి,

అందరం క్షేమం. మంచు పడుతోంది. సారథి గారు సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నారని, విశ్రాంతి తీసుకుంటున్నారని రేడియోలో రోజూ చెబుతున్నారు. ప్రజలు ఆనందంగా ఉన్నారు.

ఈ వారం నాకు ఒకే ఒక్క కోటు పని ఇచ్చారు. దానికి గుండీలు లేవు. గుడ్డ చాలా నాణ్యమైనది.

నీకు నా గుర్తు అందే ఉంటుంది. దాదీని అడిగానని చెప్పు.

ఇట్లు,
జాఫర్

*

నకిరేకల్
20 జనవరి 1991

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం సాయిలు గడప బయట నుంచే ఇచ్చాడు. ఈసారి రెండు మూలలు లేవు. అరుగు మీదే విప్పాను. ముందు నీ రాతేనా అని చూశాను, ఒక్కో అక్షరం చూశాను. ఆ కోటు సంగతి నాలుగుసార్లు చదివాను. నీ మొదటి ఉత్తరం తీసి పక్కన పెట్టుకుని మళ్లీ చదివాను. అప్పుడు అర్థమైంది.

ఎవరికీ చెప్పలేదు. సాయిలుకు మాత్రం చెప్పాను. రోజూ సాయంత్రం పోస్టాఫీసు ముందు రేడియో వింటున్నాడు. ఐదు రోజులైనా ఏ వార్తా లేదు. "అమ్మా, దునియాల ఎవ్వలకు తెల్వని ముచ్చట మన ఇద్దరికే ఎరుక. నాకు నిద్ర పడ్తలేదు" అంటున్నాడు. నాకూ అంతే. వాళ్లు మిమ్మల్ని ఏం చేస్తారో తెలియదు. తెలిసినవాడిని ఉంచుతారా అని ఒకటే ఆలోచన. నువ్వు కుట్టావు, నీకు తెలుసు.

ఇక్కడ చలి తగ్గింది. కందులు కొట్టారు. ఇది పోస్టులో వేయడం లేదు, అటు వచ్చే మనిషి ఎవరైనా దొరికితే చేతికిస్తాను, నీకు చేరుతుందో లేదో తెలియదు. చేరితే ఏదో ఒకటి రాయి. బూతులైనా రాయి.

అన్వరీ

*

బొంబాయి
11 మార్చి 1991

ఆపా,

నేను బొంబాయిలో ఉన్నాను. నిన్న పొద్దున దిగాను. నా నవంబరు ఉత్తరానికి నీ జవాబు నాకు చేరలేదు, రాసే ఉంటావని తెలుసు.

సంగతంతా వచ్చి చెబుతాను, ఒక్కటి మాత్రం ఇప్పుడే రాయాలి. నవంబరులో నన్ను కారులో తీసుకుపోయారు. పెద్ద గది, లోపల చలి, సారథి బల్ల మీద పడుకుని ఉన్నాడు. కొలత తీసుకోమన్నారు. ఇన్నేళ్లూ గోడల మీద అంత పొడుగు కనిపించిన మనిషి, టేపు పెడితే నా భుజం దాకా కూడా రాడు. మడమల కింద చెక్క ఉన్న బూట్లు మూల పెట్టి ఉన్నాయి. అతని అసలు పొడుగు ఆ గదిలో నాకొక్కడికే తెలిసింది. ఫోటోల కొలతకే కోయమన్నారు, పాదాలు బూట్లతో సహా కనబడకూడదట. కోటు వీపు నిలువునా చీల్చి, పైనుంచి కప్పి, పక్కల దోపాను. పనంతా అయ్యాక జానెడు గుడ్డ మిగిలింది.

ఆపా, దాదీకి ఇచ్చిన మాట నేను వాడికి తీర్చాను. ఆ కత్తెర పట్టుకుని అక్కడే ఏడ్చాను. తొమ్మిది మందిలో ఇద్దరు పక్కనే ఉన్నారు, సారథి కోసం ఏడుస్తున్నాననుకుని నా భుజం తట్టారు. ఆ గుడ్డ ముక్క తీసుకొమ్మన్నారు, నేను తీసుకోలేదు. దాదీకి అది వద్దు.

ఆ ఉత్తరం రాసి కింది మూల చింపి వేశాను. దొరికిపోతానని తెలుసు. మన భాష చదివేవాడు దాన్ని చూశాడు. చూసి, పై మూల కోసి, సంచిలో వేశాడు. తర్వాత మెట్ల మీద ఎదురైతే ఎందుకు వదిలావని అడిగాను. ముఖం పక్కకు తిప్పుకుని అదే మాట అన్నాడు. "అక్కడ ఏమీ రాసి లేదు కదండీ."

రెండు నెలలకు పైగా చావు దాచారు. అన్నాళ్లూ తొమ్మిది మంది కొట్టుకున్నారు. పొద్దున గుండీలు తీయమని వచ్చిన కోటు సాయంత్రం గుండీలు కుట్టమని వచ్చేది. చివరికి డబ్బాలో గుండీలు అయిపోయాయి. ఫిబ్రవరిలో రేడియోలో చెప్పారు, ఆ వారమే ఆఫీసుల్లో ఎవరూ లేరు. ఎవరిని అడగాలో తెలియక కాపలావాళ్లు కూడా ఇళ్లకు పోయారు. పాస్‌పోర్టులు ఒక బల్ల మీద గుట్టగా పోసి ఉన్నాయి, వెతుక్కుని తెచ్చుకున్నాను. ఐదేళ్లలో ఎవరి సంతకం లేకుండా చేసిన పని అదొక్కటే.

శుక్రవారం హైదరాబాదులో విజయవాడ బస్సు ఎక్కి వస్తాను. ముందు ఇంటికి రాను, బావను నకిరేకల్ బస్టాండుకు పంపు, దాదీ దగ్గరికి పోయి తర్వాత వస్తాను. కత్తెర పెట్టె తీసి ఉంచు. ఇక నుంచి మన వీధిలో ఎవరు పోయినా గుడ్డ నేనే కోస్తాను, వంగిన నడుం చూసి కాదు, పడుకోబెట్టి కొలిచి కోస్తాను.

ఈ ఉత్తరానికి నాలుగు మూలలూ ఉన్నాయి, వేసేముందు రెండుసార్లు చూసుకున్నాను. సాయిలన్న తెచ్చినప్పుడు చూపించి, ఇవాళైనా చెప్పులు విప్పి లోపలికి వచ్చి చాయ్ తాగమను.

జాఫర్